ఒళ్ళే కొలబద్ద అయిన రోజులు

మొన్నామధ్య మా అత్తగారు పెరట్లో తులసికోట దగ్గర కాలుజారి పడ్డారు. చెయ్యి ఆనించడంతో మణికట్టు వాచిపోయింది. దగ్గర్లో ఉన్న ఎక్స్‌రే సెంటరుకు తీసుకెళ్ళాను. అక్కడ పనిచేసే అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. చురుకైన పిల్ల. అత్తగారి చెయ్యి నెమ్మదిగా పలక మీద పెట్టించి, "కదలకండి మామ్మగారూ, ఒక్క నిమిషం" అంటూ నన్ను తలుపవతలికి పంపించింది.

పని అయ్యాక లోపలికి వెళితే గోడకున్న మేకుకి వేలాడుతూ చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి కనబడింది.

"అదేంటమ్మా?" అనడిగాను.

"నా బ్యాడ్జి ఆంటీ. మా మీద రేడియేషన్ ఎంత పడిందో దాన్ని బట్టి తెలుస్తుంది. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపిస్తారు."

"మరి నీ మీద పడేది కొలవాల్సిన బిళ్ళ గోడకెందుకుంది?"

అమ్మాయి నవ్వేసింది. "పెట్టుకుంటే ఎక్కడో పడిపోతుంది ఆంటీ. పోతే నా జీతంలో కోస్తారు. ఇక్కడుంటే భద్రం కదా!"

బ్యాడ్జి భద్రంగానే ఉంది. పిల్ల భద్రం సంగతే ఎవరికీ పట్టలేదు.

ఇంటికొచ్చాక కూడా ఆ మేకే కళ్ళముందు మెదిలింది. డిగ్రీలో ఎక్స్‌రేల గురించి చదివి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కనిపెట్టినవాడి పేరు, సంవత్సరం ఇప్పటికీ నోటికొచ్చు. కానీ ఆ కిరణాలను కొలవడం మనుషులు ఎలా నేర్చుకున్నారో మా పుస్తకంలో లేదు. తర్వాత ఓపిగ్గా వెతికి చదివితే తెలిసింది, గోడకు వేలాడుతున్న ఆ బిళ్ళ వెనక ఎంతమంది వేళ్ళు, చేతులు, ప్రాణాలు పోయాయో! అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ కథ మనకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఉంగరమున్న చెయ్యి

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే ప్రొఫెసరు ఈ కిరణాలను గమనించాడు. అవేమిటో తెలియక 'ఎక్స్' అని పేరు పెట్టాడు. వారాల తరబడి ల్యాబులోనే గడిపి, డిసెంబరు 22న భార్య బెర్తాను పిలిచి ఆమె చేతిని ఫొటో పలక మీద పెట్టించాడు. సుమారు పావుగంట అలా కదలకుండా ఉంచాలి. పలక కడిగి చూస్తే వేళ్ళ ఎముకలు, ఒక వేలికి నల్లగా పెళ్ళి ఉంగరం! అది చూసి ఆవిడ తన చావును తానే చూసినట్టుందని జడుసుకుందని చెప్పుకుంటారు. జగమెరిగిన ఆ మొదటి ఎక్స్‌రే బొమ్మ ఒక ఇల్లాలి చేతిది.

రాంట్‌జెన్ దీనిమీద పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆయన పేటెంటు పెట్టకపోవడంతో ఏడాది తిరక్కుండానే ఎక్స్‌రే యంత్రాలు ఊరూరా వెలిశాయి. డాక్టర్లు, ఫొటోగ్రాఫర్లు, ఎలక్ట్రీషియన్లు, ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడేశారు. తిరునాళ్ళలో వింతగా కూడా చూపించారు.

ఒకటే లోటు. ఆ కిరణాలు ఎంత పడుతున్నాయో కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు.

పొయ్యి మీద పాలు పెట్టామనుకోండి. మంట ఎంతుందో కళ్ళకు కనిపిస్తుంది. గిన్నె కాలితే చెయ్యి చప్పున వెనక్కి వస్తుంది. ఎక్స్‌రేలకు ఆ పాటి దయ కూడా లేదు. కనిపించవు, వేడి తగలదు, నొప్పి పుట్టదు. ఒళ్ళు కాలిందని తెలిసేది రోజులు, వారాలు గడిచాక. అసలు జబ్బు బయటపడేది ఏళ్ళు గడిచాక.

అందులోనూ ఆనాటి గాజు గొట్టాలు ఒక్కోరోజు ఒక్కోరకంగా పనిచేసేవి. లోపలున్న గాలి వాడేకొద్దీ తగ్గిపోయి, కిరణాల పదును మారిపోయేది. ఈ రోజు గొట్టం ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఏం చేసేవారో తెలుసా? పనిచేసేవాళ్ళు తమ చేతినే గొట్టానికీ తెరకీ మధ్య అడ్డం పెట్టి చూసుకునేవారు. ఎముకలు నల్లగా కనిపిస్తే గొట్టం 'మెత్తన', పాలిపోయినట్టు కనిపిస్తే 'గట్టి'. పెరుగు తోడుపెట్టే ముందు మనం పాలలో వేలు ముంచి చూసుకుంటాం కదా, అచ్చం అలాగే. రోజుకెన్నిసార్లో!

ఇద్దరి చేతులు

అమెరికాలో ఎడిసన్ దగ్గర క్లారెన్స్ డాలీ అనే గాజుపనివాడు ఉండేవాడు. 1896 నుంచి ఎక్స్‌రే గొట్టాలు తయారుచేయడం, తన చేతులతోనే పరీక్షించడం అతని పని. ముందు చర్మం ఎర్రబడింది, తర్వాత పుండ్లు పడ్డాయి, అవి మానలేదు. ఎడమ చెయ్యి పనికిరాకపోతే కుడి చేతితో పరీక్షించాడు. చివరికి రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది. అయినా 1904లో 39 ఏళ్ళకే చనిపోయాడు. ఎడిసన్ అంతటివాడు భయపడి ఆ పనే మానేశాడు.

డాలీ గురించి పుస్తకాల్లో కాస్తయినా ఉంటుంది. ఎలిజబెత్ ఫ్లైష్‌మన్ పేరు మనలో ఎంతమంది విన్నాం? శాన్‌ఫ్రాన్సిస్కోలో లెక్కలు రాసుకునే ఉద్యోగం చేసిన సామాన్య కుటుంబపు స్త్రీ. హైస్కూలు చదువైనా పూర్తి కాలేదు. అక్క భర్త డాక్టరు. ఎక్స్‌రే గురించి తెలిసి, పట్టుదలగా నేర్చుకుని తనే ఎక్స్‌రే లేబొరేటరీ తెరిచింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధమొచ్చాక, ఫిలిప్పీన్స్ నుంచి గాయాలతో తిరిగొచ్చిన సైనికుల ఒంట్లో తూటా ఎక్కడుందో ఆమె తీసిన బొమ్మలే చూపించాయి. పెద్ద పెద్ద సైనిక వైద్యులు ఆమె పనితనాన్ని మెచ్చుకున్నారు. భయపడే రోగికి ధైర్యం చెప్పడానికి ముందు తన చేతినే యంత్రం ముందు పెట్టి చూపించేదట.

ఎంత ఆడతనం! పిల్లాడికి మందు తాగించే ముందు, "చూడు, నేనూ తాగుతున్నాగా" అంటాం మనం. ఆమె చేసిందీ అదే.

చేతుల మీద పుండ్లు లేచాయి. 1905 జనవరిలో కుడి చెయ్యి భుజం దాకా తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో పోయింది. వయసు 38. ఈ లోకానికి నేను కొంత మేలు చేశాననుకుంటున్నాను అనే అర్థం వచ్చే మాట ఆమె సమాధి మీద చెక్కారు. ఇంచుమించు నా వయసే. ఆ మాట చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయంటే దాచుకోవడమెందుకు?

రంగు మారే బిళ్ళలు

అలాగని హెచ్చరించినవాళ్ళు లేకపోలేదు. బోస్టన్‌లో విలియం రోలిన్స్ అనే పళ్ళ డాక్టరు 1901లోనే, ఈ కిరణాలు గినీ పందులను చంపగలవని ప్రయోగం చేసి చూపించాడు. గొట్టానికి సీసం తొడుగు వేయాలన్నాడు. ఫొటో పలకను ఏడు నిమిషాలు ఉంచినా మసకబారకపోతేనే ఆ చోటు క్షేమమని ఒక లెక్క చెప్పాడు. విన్నవాళ్ళు తక్కువ.

మరి డాక్టర్లు మోతాదు ఎలా వేసేవారు? చర్మం కందేదాకా! ఎంతసేపు పడితే చర్మం ఎర్రబడుతుందో అదొక మోతాదు. రోగి ఒళ్ళే కొలబద్ద అన్నమాట. ఒకరి చర్మం తొందరగా కందుతుంది, ఒకరిది కందదు. ఎర్రబడిందని తెలిసేసరికి ఎలాగూ చేయిదాటిపోయి ఉంటుంది.

1902లో వియన్నాలో గీడో హోల్ట్స్‌క్నెష్ట్ అనే డాక్టరు మొదటిసారి ఒక సాధనం తెచ్చాడు. కిరణాలు తగిలితే రంగు మారే లవణాల బిళ్ళ. దాన్ని నమూనా రంగులతో పోల్చి, ఇన్ని 'హెచ్'లు పడ్డాయని లెక్క. 1904లో పారిస్‌లో సబూరో, న్వారే అనే ఇద్దరు ఇంకాస్త సులువైన బిళ్ళ చేశారు. ఆకుపచ్చగా ఉండేది కిరణాలు పడేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఫలానా రంగు రాగానే ఆపేయాలి. 1905లో కీన్‌బాక్ ఫొటో కాగితం ముక్కలతో కొలిచాడు, దాని లెక్క పేరు 'ఎక్స్'.

చీరకు జాకెట్టు ముక్క మ్యాచింగు చూడాలంటే మనం కొట్లోంచి బయటికొచ్చి ఎండలో పెట్టి చూస్తాం. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవదు. అలాంటిది, మనిషి ఒంటి మీద పడే మోతాదు అలా రంగు చూసి తేల్చారంటే ఏమనుకోవాలి? వెలుతురు మారితే లెక్క మారుతుంది. చూసే కన్ను మారినా మారుతుంది. అయినా అప్పటికది పెద్ద మేలే. ఏమీ లేనిచోట ఏదో ఒకటి వచ్చింది. పాపం, ఆ హోల్ట్స్‌క్నెష్ట్ కూడా వేళ్ళు, చెయ్యి పోగొట్టుకుని 1931లో ఈ జబ్బుతోనే పోయాడు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. సబూరో బిళ్ళ ఎవరికోసం చేశారనుకున్నారు? తలలో తామర వచ్చిన పిల్లల కోసం. జుట్టంతా రాలిపోయేంత కిరణాలు పడాలి, చర్మం మాత్రం కాలకూడదు. ఆ బిళ్ళతో కొలిచి వేలాది పిల్లలకు ఈ వైద్యం చేశారు. జుట్టు మళ్ళీ మొలిచింది, తామర పోయింది. అందరూ సంతోషించారు. ఈ వైద్యం 1950ల దాకా సాగింది. కానీ ఇజ్రాయెల్‌లో అలా వైద్యం పొందిన సుమారు 11 వేలమంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 1974లో పరిశోధకులు తేల్చిందేమిటంటే, తలలోను, మెడలోను గడ్డలు వీళ్ళలో ఎక్కువగా వస్తున్నాయని. కొలిచినవాళ్ళు ఆ రోజు చర్మం కమిలిందా లేదా అన్నదే కొలిచారు. ఇరవై ఏళ్ళ తర్వాత సంగతి కొలిచే బిళ్ళ ఎవరి దగ్గరుంది?

అందం కోసం, చెప్పుల కోసం

1920ల్లో అమెరికాలో ఇంకో ముచ్చట. ముఖం మీద, చేతుల మీద అవాంఛిత రోమాలు పోగొడతామంటూ 'ట్రైకో' అనే పేరుతో సెలూన్లు వెలిశాయి. ఆడవాళ్ళు చెక్క పెట్టెలాంటి యంత్రం ముందు చెంప ఆనించి కూర్చోవాలి. లోపల ఉన్నది ఎక్స్‌రే గొట్టం. నొప్పి లేదు, మచ్చ లేదు అన్నారు. యంత్రం నడిపేది డాక్టర్లు కారు. వేలాదిమంది స్త్రీలు వెళ్ళారు. రోమాలు నిజంగానే పోయాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు చర్మం ముడతలు పడి, పుండ్లు పడి, కొందరికి కేన్సరై తేలింది. వైద్య సంఘం హెచ్చరించేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఇప్పటికీ "నొప్పి లేదు, మచ్చ లేదు" అనే ప్రకటన చూస్తే నాకు ఆ చెక్క పెట్టే గుర్తొస్తుంది.

అలాగే అమెరికా, యూరప్ చెప్పుల షాపుల్లో పిల్లల పాదాలకు బూట్లు సరిపోయాయో లేదో చూడటానికి ఎక్స్‌రే పెట్టెలు పెట్టారు. పిల్లలు తమ కాలి ఎముకలు చూసుకుని మురిసిపోయేవారు. తల్లులు కూడా వంగి చూసేవారు. 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వాటిని నిషేధించింది. బూటు వదులో బిగుతో బొటనవేలితో నొక్కి చూస్తే తెలియదా!

సోల, తవ్వ, మానిక

మన అమ్మమ్మల కాలంలో గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం ఉండేవి. ఒక ఊరి కుంచం ఇంకో ఊళ్ళో సరిపోదు. కొలిచినవాడి చెయ్యి కూడా లెక్కలోకి వచ్చేది. ఎక్స్‌రేల సంగతీ అంతే అయ్యింది. వియన్నాలో హెచ్, పారిస్‌లో రంగు, ఇంకోచోట ఎక్స్. జర్మనీవాళ్ళు, ఫ్రాన్సువాళ్ళు ఇద్దరూ 'ఆర్' అనే పేరే పెట్టుకున్నారు గానీ, జర్మన్ ఆర్ ఫ్రెంచి ఆర్‌కు రెట్టింపు పైచిలుకు! పారిస్ పుస్తకంలో చదివిన మోతాదు బెర్లిన్‌లో వేస్తే రోగి గతేమిటి?

దారి చూపినవాడు ఫ్రాన్సు శాస్త్రవేత్త పాల్ విలార్. ఎక్స్‌రేలు గాలిలోంచి పోయేటప్పుడు గాలిలో విద్యుదావేశం పుడుతుంది. ఎన్ని కిరణాలు పోతే అంత ఆవేశం. చర్మాన్నీ రంగునీ వదిలేసి, ఆ గాలిలోని ఆవేశాన్నే కొలుద్దాం అన్నాడాయన 1908లో. ఎంత చక్కటి మాట! మనిషి ఒళ్ళు పక్కకు తప్పుకుని గాలి సాక్ష్యం చెబుతుందన్నమాట. అయినా ఆ మాట అందరూ ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1925లో లండన్‌లో ప్రపంచ రేడియాలజీ వైద్యుల మొదటి మహాసభ జరిగింది. 1928లో స్టాక్‌హోమ్‌లో రెండోది. అక్కడే అన్ని దేశాలకూ ఒకే కొలమానం 'రాంట్‌జెన్' కుదిరింది. ఈ కిరణాల నుంచి రక్షణకు అంతర్జాతీయ సంఘం ఏర్పడిందీ అక్కడే. అప్పటికి కిరణాలు కనిపెట్టి 33 ఏళ్ళు.

ఆ 33 ఏళ్ళలోనూ, అంతకుముందు పడిన కిరణాల వల్ల ఆ తర్వాతా పోయినవాళ్ళ పేర్లతో 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక స్మారకస్తంభం కట్టారు. మొదట చెక్కిన పేర్లు 169. తర్వాత అవి 350 దాటాయి.

ఇక మేకు మీద వేలాడే ఆ బిళ్ళ కథ. న్యూయార్క్‌లో ఈడిత్ క్విమ్‌బీ అనే ఆవిడ, భర్త కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటుంటే ఇల్లు గడవడం కోసం 1919లో కేన్సర్ ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. ఎక్స్‌రేలు, రేడియం ఒంట్లోకి ఎంత చేరతాయో ఓపిగ్గా కొలిచి లెక్కలు కట్టింది. అక్కడ పనిచేసేవాళ్ళ మీద ఎంత పడుతోందో చిన్న ఫొటో ఫిల్ము ముక్కలతో కొలిచి 1926లో ప్రకటించింది. రోగి గురించే కాదు, రోగికి సేవచేసే మనిషి గురించి కూడా ఆలోచించిన కొలత అది. మన అమ్మాయి గోడకు తగిలించిన బ్యాడ్జికి ముత్తవ్వ ఆ ఫిల్ము ముక్కే. ఇప్పుడు ఫిల్ము బదులు వేడిచేస్తే మిణుకుమని వెలిగే బిళ్ళలు వాడుతున్నారు. ఎంత వెలిగితే అంత పడినట్టు.

తల్లులను అడిగిన డాక్టరమ్మ

కొలత కుదిరిందిగా, ఇక అంతా క్షేమమే అనుకున్నారు. అప్పుడు ఇంగ్లండులో ఎలిస్ స్టీవర్ట్ అనే డాక్టరమ్మ, పిల్లలకు బ్లడ్ కేన్సర్ ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవాలనుకుంది. ఆ రోజుల్లో గర్భిణులకు ఎక్స్‌రే తీయడం మామూలు. ఆవిడ పెద్ద యంత్రాల జోలికి పోలేదు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులనూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులనూ ఒకే రకం ప్రశ్నలడిగింది. కడుపుతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీశారా అన్నది అందులో ఒకటి. 1956లో మొదటి ఫలితాలు, 1958లో పూర్తి వివరం వచ్చాయి. తీయించుకున్న తల్లుల పిల్లల్లో కేన్సర్ చావులు ఇంచుమించు రెట్టింపు!

పెద్ద డాక్టర్లు నమ్మలేదు. అంత కొద్దిపాటి మోతాదు ఏం చేస్తుందన్నారు. తల్లుల జ్ఞాపకాలను నమ్ముతామా అన్నారు. వాళ్ళు ఒప్పుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. ఏ మీటరూ పట్టుకోలేనిదాన్ని తల్లుల జ్ఞాపకం పట్టుకుంది. "మీకేం తెలుసమ్మా, ఊరుకోండి" అని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ డాక్టరమ్మను తలుచుకుంటాను.

భయం వద్దు, అలుసూ వద్దు

ఇదంతా చదివి రేపట్నుంచి ఎక్స్‌రే అంటే పారిపొమ్మని నేననడం లేదు. ఇప్పటి లెక్క మిల్లీసీవర్టుల్లో ఉంటుంది. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనందరి మీదా ఏడాదికి సగటున 2.4 దాకా ఎలాగూ పడుతుంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లోపే. అంటే ఓ పది పదిహేను రోజులు ఇంట్లో కూర్చున్నా పడేదే. మా అత్తగారి మణికట్టుది అంతకన్నా చాలా తక్కువ. కానీ పొట్టకు సీటీ స్కాన్ అంటే 8 నుంచి 10 దాకా ఉంటుంది. అంటే మూడు నాలుగేళ్ళది ఒక్కసారే. అవసరమైతే తీయించుకోవాల్సిందే. తలకు దెబ్బ తగిలినప్పుడు లెక్కలు వేసుకుంటూ కూర్చోకూడదు. అల్ట్రాసౌండ్‌లోను, ఎమ్మారైలోను ఈ కిరణాలే ఉండవు, వాటికి భయపడక్కర్లేదు.

నా బాధల్లా అలుసుతోనే. "డాక్టరుగారూ, ఓ స్కాన్ రాసెయ్యండి, మనసు కుదుటపడుతుంది" అని మనమే అడుగుతాం. నెల కిందట తీసిన ఫిల్ము బీరువాలో ఉంచుకుని, డాక్టరు మారగానే మళ్ళీ కొత్తది తీయించుకుంటాం. నెల తప్పిందేమో అనుమానం ఉన్నా టెక్నీషియన్ మగవాడైతే సిగ్గుపడి నోరు విప్పం. ఆ ఒక్క మాటకు సిగ్గుపడకండి. పాత ఫిల్ములు పారేయకండి. ఇది ఇప్పుడు తప్పదా అని ఒక్కసారి అడగండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు విసుక్కోరు.

ఇక ఆ అమ్మాయిలాంటి పిల్లల సంగతి. మన దేశంలో వీటిని చూసుకోవడానికి 1983 నుంచి అణుశక్తి నియంత్రణ మండలి ఉంది. ఎక్స్‌రే పనివాళ్ళకు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదని హద్దు ఉంది. బ్యాడ్జి ఛాతీ దగ్గర, సీసం ఆప్రాను లోపల పెట్టుకోవాలని నియమం ఉంది. అన్నీ ఉన్నాయి. కానీ పోగొడితే జీతం కోస్తామనే ఒక్క భయం ఆ బ్యాడ్జిని గోడకెక్కించింది. ల్యాబుకు వెళ్ళేది గోడ లెక్క, అమ్మాయి లెక్క కాదు. పోయిన బ్యాడ్జి ఖర్చు యజమాని భరించాలి. అదేమంత పెద్ద మొత్తం? ఆ పిల్లకు పెళ్ళి కావాలి, పిల్లలు పుట్టాలి.

కట్టు విప్పించాక అత్తగారిని మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాను. బ్యాడ్జి మేకుకే ఉంది. పని అయ్యేదాకా ఆగి, శాన్‌ఫ్రాన్సిస్కో ఎలిజబెత్ కథ ఆ అమ్మాయికి చెప్పాను. వింటూ వింటూ తన వేళ్ళ వైపు చూసుకుంది.

"పోయేసరికి ఆవిడ వయసెంత ఆంటీ?"

"ముప్ఫై ఎనిమిది."

అమ్మాయి ఇంకేమీ మాట్లాడలేదు. తర్వాతి పేషెంటును పిలవబోతూ, మేకు మీది బిళ్ళ తీసి జేబుకు తగిలించుకుంది. రేపు కూడా పెట్టుకుంటుందో లేదో నాకు తెలియదు. ఈసారి మీరు ఎక్స్‌రే గదికి వెళ్ళినప్పుడు మాత్రం మీ వంతు ఒకమాట అడగండి. "నీ బ్యాడ్జి ఏదమ్మా?" అని.